కపాలద్వారముల కొలత

ఐతరేయోపనిషత్తునందు ఒక విచిత్రమైన సంశయము కలదు. లోకములను, లోకపాలురను, వారికి అన్నమును సృజించిన ఆత్మ, తాను లేక ఈ దేహమెట్లు నిలుచునని యోచించి, దేనిగుండ ఇందు ప్రవేశింతునని తన్ను తానే ప్రశ్నించుకొని, కడకు తలపై పాపటచోటును చీల్చి ఆ దారినే లోనికి బోయెనట. ఆ ద్వారమునకు విదృతియని పేరు. సృష్టికర్తకు సైతము దారి యెంచుకొనక తప్పలేదన్న ఈ భావన నాకు మిక్కిలి ఇష్టము. మెదడు శస్త్రవైద్యులు గడచిన కొన్ని దశాబ్దములుగా శరీరశాస్త్ర ప్రయోగశాలలందు సాగించుచున్న పరిశోధనలో అడుగబడుచున్నదియు ఈ ప్రశ్నయే. సమాధానము మాత్రము మిల్లీమీటర్లలో వచ్చును.

మెదడు క్రింద, దృష్టినాడుల చెంత, ధమని యొకటి ఉబ్బి పగులుటకు సిద్ధముగ నున్నదనుకొందము. దానిని చేరుటకు దారులనేకములు. కణతయొద్ద నాలుగెముకలు కలియుచోట కపాలమును తెరచి, మెదడు మడతల నడుమ సహజముగనున్న సందువెంట లోనికి బోవు మార్గమును జూరిచ్ నగరమున యాసర్గిల్ అను శస్త్రవైద్యుడు, సూక్ష్మదర్శిని సాయమున, 1970ల కాలమున ప్రతిష్ఠితము గావించెను. దానికి తోడు కంటిగూటి అంచును, చెక్కిలియెముకను గూడ విప్పి ద్వారమును విశాలము చేసికొన్నవారు కలరు. జర్మనీయందలి మైంజు నగరమున పెర్నెజ్కీ, కనుబొమయొద్ద చిన్న రంధ్రము చాలుననెను. ప్రతి మార్గమునకును ఒక ఆచార్యుడు, ఆయనకొక శిష్యపరంపర. మన మతత్రయ వివాదమును ఎరిగినవారికి ఈ వాతావరణము క్రొత్త గాదు. గురువుగారి చేతిలో రోగులు బ్రతికిరి గనుక గురువుగారి మార్గమే మార్గమను ఆప్తవాక్యమే చాలకాలము ప్రమాణముగ నిలిచెను.

ఆప్తవాక్యమును ప్రత్యక్షముతో సరిచూడవలెనను పూనిక ప్రయోగశాలలలో పుట్టినది. ఫ్లోరిడా విశ్వవిద్యాలయమున ఆల్బర్ట్ రోటన్, ధమనులందు ఎర్రని, సిరలయందు నీలి పదార్థమును నింపిన మృతుల తలలను దశాబ్దముల తరబడి సూక్ష్మదర్శిని క్రింద ఛేదించి, ఏ మార్గమున ఏది యెట్లు కనబడునో చిత్రించి చూపెను. పిమ్మటివారు చిత్రముతో తృప్తిచెందక కొలతకు దిగిరి. తలను మూడు మొనల బిగింపులో కదలకుండ నిలిపి, ఒక మార్గమున తెరచి, కనబడు ప్రదేశపు సరిహద్దులను స్థాననిర్ణయ యంత్రమునకు అనుసంధించిన సూచితో తాకి, ఆ బిందువుల నడుమ త్రిభుజములు కట్టి వైశాల్యము తేల్చుదురు. పిదప శస్త్రపు మొనను ఒక ధమనిశాఖపై నిలిపి, దాని వెనుకకొనను ఎముక అడ్డగించువరకు అన్ని దిశలకును త్రిప్పి, ఆ కొన తిరుగాడిన మేరను కొలుతురు. దానిని శస్త్రస్వేచ్ఛ యందురు. అదే తలలో మరికొంత ఎముక తీసి మరల మొదటినుండి కొలుతురు. తల యొకటే గనుక మనుష్యునికిని మనుష్యునికిని గల భేదము లెక్కలో చొరబడదు.

అమెరికాయందలి ఫీనిక్సు నగరపు బ్యారో సంస్థవారు 2006లో ప్రకటించిన యొక పరిశోధనలో కణతమార్గమును, కంటిగూడు విప్పిన విశాలమార్గమును, కనుబొమయొద్ది అల్పమార్గమును ఇట్లు పోల్చి చూచిరి. కనబడు వైశాల్యమున మూటికిని చెప్పుకోదగిన భేదము తేలలేదు. చేతికి దొరకు కోణములు మాత్రము విశాలమార్గమున అధికములు, అల్పమార్గమున స్వల్పములు. చిన్న కిటికీకి కన్ను ఆనించినవాడు తోటనంతను చూడగలడు గాని, అందుండి చేయి చాచి తనకు నచ్చిన పూవు కోయలేడు. శస్త్రవైద్యులకిది వృత్తివిషయము. వేదాంతము చదివినవానికి ఇచట శంకరభగవత్పాదుల విభాగమొకటి స్ఫురింపక మానదు: జ్ఞానము వస్తుతంత్రము, కర్మ పురుషతంత్రము. ఉన్న వస్తువు ఉన్నట్లు తోచుట చూచువాని ఇచ్ఛపై ఆధారపడదు. చేయుటయు, మానుటయు, మరియొక విధముగ చేయుటయు కర్త వశమున నుండును. ఈ భేదమునకు చదరపు మిల్లీమీటర్లలో సాక్ష్యము దొరకునని ఆచార్యులవారు తలచియుండరు. వారు చెప్పిన జ్ఞానము పరతత్త్వమునకు సంబంధించినదనియు, ధమనులను చూచుట దానికి ఎంతమాత్రమును సాటిగాదనియు నేనెరుగుదును. ఐనను, చూచుటకు చాలిన ద్వారము చేయుటకును చాలునను భ్రమ రెండుచోట్లను ఒక్కటియే. ఏ మార్గము ఉత్తమమని ఊరక అడుగువానికి కొలత సమాధానమీయదు. దేనికి ఉత్తమమని ముందు వాడు చెప్పవలెను.

ఇంతకంటె గడ్డు ప్రశ్న మరియొకటి కలదు. మృతకపాలమున కొలిచినది సజీవునియందు వర్తించునను అనుమానము, అనగా తర్కబద్ధమైన ఊహ, నిలుచునా? పొగ యున్నచోట నిప్పుండునని నైయాయికులు ఒప్పుకొందురు. నిప్పున్నచోటనెల్ల పొగ యుండునన్నచో ఒప్పుకొనరు, తడికట్టెల సంయోగమను ఉపాధి అందు దాగియున్నది గనుక. శవమునుండి సజీవునికి సాగు ఈ అనుమానమునను ఉపాధులు దాగియున్నవి, అవియు పెక్కులు. ఫార్మలినులో ఊరిన మెదడు బిగిసిపోవును. బ్రతికినది మెత్తనై, గుండె కొట్టుకొనినపుడెల్ల ఉప్పొంగుచుండును. మృతుని ధమని తెగినను నెత్తురు చిమ్మదు. మస్తిష్కద్రవమును మెల్లగ తోడినచో సజీవమైన మెదడు తానే క్రుంగి త్రోవ యిచ్చును. వాచినచో ఉన్న త్రోవను మూసివేయును. ఈ లోపము నెరిగియే కొందరు మృతుల ధమనులందు రంగునీటిని యంత్రముతో స్పందింపజేసి శిష్యులకు శిక్షణ యిచ్చుచున్నారు. చావునకు కొంత ప్రాణనటనము నేర్పుటయన్నమాట. ఐనను ఎముక ఎముకయే. అది చచ్చినను బ్రతికినను ఒకే మేర చేతికి అడ్డుపడును. కనుక శవమున దొరకిన అంకె సజీవునియందు యథాతథముగ నిలువకపోయినను, ఒకే తలలో ఈ ద్వారము ఆ ద్వారముకంటె చేతికి వెసులుబాటైనదను తారతమ్యము నిలుచునని నా నమ్మకము. ఉపాధి పోలికకు ఇరువైపులను సమానముగ నుండుటయే దీనికి కారణము.

ఈ కొలతల పట్టికలలో నాకు లోటుగ తోచినది వేరొకటి. విశాలమార్గమునకు వెల యున్నది: కణత కండరము శుష్కించి గుంట పడవచ్చును, కనుబొమ నెత్తు నాడీశాఖ చెడవచ్చును, శస్త్రకర్మకు పట్టు కాలము పెరుగును. స్వేచ్ఛ శస్త్రవైద్యునిది, మూల్యము రోగిది. మృతుడు ఆ మూల్యమును చెల్లింపడు గనుక అతనియందు జరుగు కొలతలో లాభపుగడి యొకటే నిండును. ఎంత దొరకునని కొలుచుటకు ముందే ఎంత కావలెనని నిర్ణయించుకొనుట యోగశాస్త్రము చెప్పు అపరిగ్రహమునకు సమీపమైనది. ఈ విద్యలో దానిని ఎక్కువ పాటించినవారు కనుబొమమార్గమువారేమోయని అప్పుడప్పుడు తోచును, వారి చేతులకు కలుగు ఇరుకును మరువకయే.

ఇక ఆ తలలెవరివి? సుశ్రుతుడు శవపరీక్షను విధించినపుడు దేహమును ముంజగడ్డి మొదలగువానితో చుట్టి, పంజరమున నుంచి, ప్రవాహజలమున మరుగుచోట ఏడురాత్రులు నిలిపి, పిదప కుంచెతో పొరపొరయు తొలగించుచు చూడుమనెను. అతి సూక్ష్మమైన క్షేత్రజ్ఞుడు మాత్రము ఈ కంటికి కనబడడనియు ఆ ప్రకరణముననే చెప్పెను. ఆత్మ వెడలిన పిదప కపాలము తెరచుటచే దానికి హాని కలుగదనుటకు మన శాస్త్రములలో ఆధారము చాలినంత కలదు. చిక్కు ఆత్మవిషయమున గాదు, అనుమతి విషయమున. దేహదాన ప్రసంగము దధీచి పేరెత్తక మనదేశమున ముగియదు; నాకీ పోలిక తొందరపాటుగ తోచును. దేవతలు అడిగిరి, దధీచి ఇచ్చెను. మన వైద్యకళాశాలల బల్లలపై చిరకాలముగ పరుండినవారిలో ఎవరును అడుగనివారు పెక్కుమంది: అనాటమీ చట్టముల ప్రకారము వచ్చిచేరిన, బంధువులెవరును రాని అనాథప్రేతములు. ఇచ్చినవాడు దాత; ఈయకయే తీసికొనబడినవానిని సభలందు దాతగ కీర్తించుట, అతనిని అడుగలేదన్న సంగతిని కప్పిపుచ్చుటయే. నేడు తామే ముందుగ వ్రాసియిచ్చి దేహమును దానము చేయువారు పెరుగుచున్నారు గనుక ఈ రెండు తెగలను వేరుచేసి చెప్పుట కష్టము గాదు. తలల సంఖ్య, వానిని ఊరవేసిన ద్రావణము, సూచియొక్క సూక్ష్మత, త్రిభుజముల లెక్క ఇంత శ్రద్ధతో వ్రాయు పరిశోధనపత్రములందు, ఈ తలలు దానముగ వచ్చినవా, అనాథులవా యను వాక్యమొకటి వ్రాయుటకు చోటు చాలకపోదు. వ్రాయువారు ఇప్పటికే కొందరున్నారు.