పందెమునకు పరిజ్ఞానము పరిహారమగునా?

జూదము దోషమని ఎరుగని ఆస్తికుడు లేడు. అయినను ఆ దోషము నేడు పాచికల రూపమున గాక, చేతిలోని ఫోనుద్వారా గృహప్రవేశము చేయుచున్నది. హిందూపురమున చింతపండు వ్యాపారియు, ధర్మవరమున పట్టుచీరలు నేయు కార్మికుడును, పెనుకొండ చెంత కార్ల కర్మాగారమున పనిచేయు యువకుడును క్రికెట్టు పందెముల మాట విననివారు కారు. కెనడాలో స్థిరపడిన తెలుగు బిడ్డలకు అచ్చటి మంచుమీది హాకీ పందెములు సైతము పరిచితములే. ఒక్కొక్క ఆటపై విడిగా పందెము కాయుటను ఆ దేశము 2021 ఆగస్టులో చట్టసమ్మతము గావించినది.

పందెగాండ్రు చెప్పుకొను సమాధానమొకటి గలదు. తాము గుడ్డిగా ఆడుట లేదనియు, ఆనాడు గోలు కాచువాడెవడు, ఏ జట్టు నిన్ననే ఆడి అలసినది, గాయపడినవారెవరు, ఆట ఏ ఊరిలో జరుగును అను విషయములను పరిశీలించియే ధనమొడ్డుచున్నామనియు వారందురు. అట్లయినచో అది జూదమా, బుద్ధికుశలతయా? ఈ ప్రశ్న విచారింపదగినదే.

మొదట లెక్క చూడవలెను. సమానబలముగల రెండు జట్లపై 100 రూపాయల చొప్పున ఒడ్డినవారికి, గెలిచిన పక్షమున 190 రూపాయలు వచ్చుననుకొందము. 200 రూపాయలలో 10 రూపాయలు పందెము నడుపువానివి. అనగా నూటికి ఐదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున ద్యూతాధ్యక్షుడు గెలిచిన సొమ్మునుండి గైకొనునదియు నూటికి ఐదే! ఈ లెక్కన నూరు పందెములలో సుమారు 53 గెలిచినగాని ఆడువానికి నష్టము తప్పదు. పైగా మంచు హాకీలో ఒక జట్టు ఆటకు సగటున మూడు గోలులే చేయును. రబ్బరు బిళ్ళ ఒకరి కర్రకు తగిలి దారి మళ్ళినంతనే ఫలితము తారుమారగును. పరిశీలించిన విషయములన్నియు పందెము నడుపువాడు ముందే ఎరిగి ధర కట్టియుండును.

అయినను నిజముగా నేర్పుగలవాడు గెలువవచ్చును. వాని సంగతియేమి? మనుస్మృతి ప్రాణము లేని వస్తువులతో ఆడుదానిని ద్యూతమనియు, ప్రాణులపై ఒడ్డుదానిని సమాహ్వయమనియు వేరుచేసి చెప్పి, రెంటిని నిషేధించినది. మన పార్లమెంటు 2025లో చేసిన చట్టము సైతము నేర్పా, అదృష్టమా అను భేదము లేకుండ ధనమొడ్డి ఆడు ఆన్‌లైను ఆటలను నిషేధించినది.

అనంతపురము సీమలో సేద్యమే వానతో జూదమని రైతులనుట కద్దు. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురియు నేలపై వేరుసెనగ విత్తుట సాహసమే. కాని పంట పండినచో ఎవరి నోటి కూడు పోదు. లోకమునకు గింజ మిగులును. నేతగాని శ్రమకు చీర మిగులును. పందెమున ఒకని లాభము మరియొకని నష్టమే. కొత్తగా పుట్టునది ఏమియు లేదు.

భారతమున అరణ్యవాసియైన ధర్మరాజునకు బృహదశ్వ మహర్షి నలోపాఖ్యానము వినిపించెను. ఋతుపర్ణునివలన నలుడు అక్షహృదయము గ్రహించినంతనే కలి అతనిని వీడెను. అతడు పుష్కరుని గెలిచి, క్షమించి, వాని భాగము వానికిచ్చి పంపెను. అంతటితో ఆగుటయే అతని ఘనత. కథ ముగించి మహర్షి ఆ విద్యను ధర్మరాజునకును ఉపదేశించెను. అయినను ధర్మరాజు రాజ్యమును పాచికలతో తిరిగి పొందలేదు. తొలి ద్యూతమున పోయినదెల్ల ధృతరాష్ట్రుడు తిరిగి ఇచ్చినను, మరల పిలిచినంతనే వెళ్ళి కూర్చుండుటయే అతని పతనము. కొరవడినది విద్య కాదు, చాలుననగల నిగ్రహము.

తన్ను తానోడినవాడు తన్నొడ్డుటకు అధికారియా అని ద్రౌపది సభను ప్రశ్నించినది. నేడును ఆ ప్రశ్న ప్రతి ఇంట నిలిచియున్నది. బిడ్డ చదువు సొమ్ము, భార్య పుస్తెలతాడు, మగ్గమునకు తెచ్చిన పట్టు అప్పు ఒడ్డుటకు ఎవనికి అధికారము? పరిజ్ఞానమెంత ఉన్నను పరుల సొత్తు తనదగునా?

గీతయందు భగవానుడు వంచకులలో జూదము తానే అనినాడు గదాయని కొందరందురు. ఆ అధ్యాయమందే సర్వమును హరించు మృత్యువును తానే అనినాడు. అంతమాత్రమున మృత్యువును కోరి తెచ్చుకొనువారు లేరు. అది ఆయన సర్వవ్యాపకత్వమును తెలుపునే గాని జీవుని కర్తవ్యమును విధింపదు. పరీక్షిత్తు కలికి చూపిన నివాసములలో ద్యూతము మొదటిదని భాగవతము చెప్పుచున్నది.

కురుసభలో పెద్దలు పలువురు మౌనము వహించిరి. వికర్ణుడు నోరు విప్పెను. ఇంట ఒకడు పందెములలో చిక్కినచో మౌనము తగదు; నిందించి వెలివేయుటయు తగదు. అప్పు దాచకుండ చెప్పుకొను ధైర్యము వానికిచ్చి, కష్టార్జితముతోనే దానిని తీర్చు మార్గము చూపుట గృహస్థుల విధి. కదిరి నరసింహుని సన్నిధికేగు భక్తులు స్వామిని కోరవలసినది పందెమున జయము కాదు. ఇక చాలుననగల బుద్ధిబలము.