గాజుతొట్టిలోని రొయ్యలు - గృహస్థుని ధర్మము

మన ఇండ్లలో గాజుతొట్టి పెట్టి ఎర్రచేపలను పెంచుట కొత్త సంగతి కాదు. ఇటీవల ఆ చేపల చోటికి చిన్న మంచినీటి రొయ్యలు వచ్చి చేరినవి. తొట్టి అడుగున నల్లని మన్ను, దానిమీద నాచు, నీటిమొక్కలు, ఆ ఆకుల నడుమ ఎరుపు, నీలము, పసుపు వన్నెలతో అంగుళము పొడవైనను లేని ప్రాణులు తిరుగుచుండును. చూచుటకు ముచ్చటగా ఉండుననుటలో సందేహము లేదు. అయితే చీమను తప్పించి నడువుమని పిల్లలకు నేర్పు ఇండ్లలో, ఒక ప్రాణిని నాలుగు గాజుపలకల మధ్య ఉంచి, దాని సంతానమును వృద్ధిచేసి ఆనందించుట తగునా? దానిని పెంపకమనవలెనా, బంధమనవలెనా? ఈ ప్రశ్నను మన పెద్దలును యువకులును కలిసి ఆలోచింపవలసిన సమయము వచ్చినది.

ప్రశ్న మా కుటుంబములోనే లేచినది. మా అన్నగారి కుమారుడు చెన్నపట్నములో కొళత్తూరు వైపు ఒక దుకాణము తీసికొని ఈ రొయ్యలను పెంచి అమ్మవలెనని తలపెట్టినాడు. కొళత్తూరు అలంకారపు చేపల వర్తకమునకు పేరుపడిన చోటు. పెట్టుబడిలో నన్నును భాగము వహింపుమని అడిగినాడు. "చిన్నాన్నగారూ, మనము చంపుట లేదు, తినుట లేదు, తిండిపెట్టి పెంచుచున్నాము. ఇందులో దోషమేమున్నది?" అని అతని వాదము. అది తేలికగా త్రోసివేయదగిన వాదము కాదు. కనుక ఆ ప్రాణిని గురించి మొదట తెలిసికొని, పిమ్మట తీర్పు చెప్పుట న్యాయము.

తొట్టెలలో విరివిగా కనబడు చెర్రీ రొయ్యకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు నియోకారిడినా డేవిడి. దాని స్వస్థలము తూర్పు చైనా, తైవాను, కొరియా ప్రాంతముల మంచినీటి వాగులు. అక్కడ అది బురదలోను ఆకులలోను కలిసిపోవు గోధుమవన్నె ప్రాణి. ఈ ఎరుపంతయు మనుష్యుడు తరతరములుగా ఏరి ఏరి తెచ్చినది. ఆడది ఇరవై, ముప్పది గ్రుడ్లను పొట్టక్రింది ఈతకాళ్ల నడుమ పట్టుకొని, వానికి మంచి నీరు తగులునట్లు ఎడతెగక విసరుచు, మూడు నాలుగు వారములు మోయును. పిల్లలు పెద్దవాని పోలికతోనే పుట్టును. రెండు మూడు నెలలలో అవియు ఈడునకు వచ్చును. ఆయువు సుమారు ఒకటి రెండేండ్లు. ఒళ్లు పెరిగినప్పుడెల్ల పాత పెంకును విడువవలెను. విడిచిన వెంటనే ఒళ్లు మెత్తగా ఉండును గనుక కొంతసేపు నాచులో దాగికొనును. పది రొయ్యలను ఇంటికి తెచ్చినవాడు ఏడాది తిరుగకముందే వందలాది ప్రాణములకు పూచీదారుడగును. ఈ లెక్క దుకాణమువాడు చెప్పడు.

వానికి బాధ తెలియునా అని కొందరు అడుగుదురు. కాడలపై కన్నులు, ఎల్లప్పుడు కదలు పొడవైన మీసములు, రుచియు వాసనయు తెలియు అవయవములు గల ప్రాణిని గురించి మన ఇండ్లలో ఈ ప్రశ్న అడుగనక్కరలేదు. ఇప్పుడు ఇతరులును ఒప్పుకొనుచున్నారు. 2021లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ పండితులు పీతలు, రొయ్యలు మొదలగు వానికి అనుభవజ్ఞానము కలదా అని అప్పటివరకు జరిగిన పరిశోధనలను పరిశీలించి, కలదనుటకు తగిన ఆధారములున్నవని నివేదించిరి. 2022లో బ్రిటను చేసిన జంతుసంక్షేమ చట్టములో ఆ వర్గమునకు చోటు దొరికినది.

ఇక మన కొలబద్దను తీసికొందము. గృహస్థుని అహింసావ్రతమునకు తత్త్వార్థసూత్రము సప్తమాధ్యాయములో ఐదు అతిచారములు చెప్పబడినవి. అవి బంధము, కొట్టుట, అంగచ్ఛేదము, అతిభారము మోపుట, అన్నపానములను ఆపుట. కొట్టుటయు అంగచ్ఛేదమును ఇక్కడ ప్రసక్తిలేనివి. తక్కిన మూడింటిని గాజుతొట్టి ముందు నిలిపి చూడవలెను.

అన్నపాననిరోధమనగా తిండి పెట్టకుండుట మాత్రమే కాదు. నీటిలో బ్రతుకు ప్రాణికి నీరే గాలి, నీరే ఇల్లు. కొత్త తొట్టి నింపిన మరునాడే రొయ్యలను వదలినచో వాని మలము నుండి పుట్టు అమ్మోనియా వానినే చంపును. దానిని విరిచి హానిలేని పదార్థముగా మార్చు సూక్ష్మజీవులు తొట్టిలో నిలద్రొక్కుకొనుటకు నాలుగు నుండి ఆరు వారములు పట్టును. కుళాయి నీటిలోని క్లోరిను, ఇసుమంత రాగి, దుకాణపు మొక్కలకు అంటియున్న పురుగుమందు, ఇందులో ఏ ఒక్కటి చాలును తొట్టి అంతయు ఒక్క రాత్రిలో చచ్చుటకు. వానికి హాయియైన వేడిమి 22 నుండి 26 డిగ్రీలు. మన మే నెల ఎండలలో తొట్టి నీరు 30 దాటును, నీటిలో కరగిన ప్రాణవాయువు తగ్గును. వడపోత యంత్రపు మూతికి స్పంజి కట్టనిచో పసిపిల్లలు అందులోనికి లాగబడి నశించును. ఇవన్నియు తెలియకయే తొట్టి కొన్నవాడు చంపవలెనని తలపక చంపుచున్నాడు. హింసకు మూలము ప్రమాదము, అనగా ఏమరుపాటు అని పెద్దలు చెప్పుట ఇందుకే.

తిండి ఎక్కువైనను కీడే. మిగిలిన మేత కుళ్లినచోట ప్లనేరియా అను చదునైన పురుగులు వృద్ధిచెందును. అవి రొయ్యలకు హాని చేయునని పెంపకందారులు ఫెన్‌బెండజోల్ అను నులిపురుగుల మందునో, వక్కసారముతో చేసిన మందునో వేయుదురు. ఒక జీవిని కాపాడుటకు ఇంకొక జీవిని సంకల్పించి చంపుట! మేత తగ్గించి, తొట్టి శుభ్రముగా ఉంచినచో ఆ పురుగులు అంతగా పెరుగవు, మందుతో పని ఉండదు. జాగ్రత్త వలన తప్పించుకొనదగిన హింసను అవసరమనుట మనకు తగదు.

అతిభారమనగా ఇరుకు తొట్టిలో లెక్కకు మించి ప్రాణులను నింపుట. దీనిని మించి చెప్పనక్కరలేదు.

మిగిలినది బంధము. దీనికి సమాధానముగా యువకులు ఒక మాట చెప్పుదురు: వాగులో రొయ్యను చేప మ్రింగును, కొంగ మ్రింగును, తొట్టిలో అది నిశ్చింతగా పూర్ణాయువు బ్రతుకునని. ఇది నిజమే. కాని పంజరములో చిలుకను పెట్టువాడును ఇదే మాట చెప్పును. క్షేమము చూపి బంధమును లేదనలేము. చక్కగా చూచుకొనువాని తొట్టిలో ఆ దోషము పలుచనగును, అంతే. అయినను గృహస్థుని జీవితము పూర్తిగా దోషరహితము కాజాలదు. పొయ్యి వెలిగించుట, నేల ఊడ్చుట మొదలగు వానిలో కొంత హింస ఉండనే ఉన్నది. ఒక బాలుడు తొట్టి ముందు కూర్చుండి, గ్రుడ్లను మోయు తల్లిరొయ్యను చూచి జీవదయ నేర్చుకొన్నచో, ఆ తొట్టిని పగులగొట్టుమని నేను చెప్పలేను.

వర్తకము విషయము వేరు. అందులో లాభమెక్కడనుండి వచ్చునో చూడుడు. జపానులో హిసయాసు సుజుకి అను పెంపకందారుడు 1990ల నాటికి నలుపు తెలుపు పట్టెల రొయ్యలలో అరుదుగా పుట్టిన ఎర్రపట్టెల వానిని ఏరి, వాని సంతానమును నిలిపి క్రిస్టల్ రెడ్ అను జాతిని తెచ్చినాడు. నేడు వానిని ఎస్, ఎస్‌ఎస్, ఎస్‌ఎస్‌ఎస్ అని తరగతులుగా విడదీసి అమ్ముదురు. తెలుపు దట్టముగా ఉన్నదానికి ఒక ధర, పలుచనైన దానికి ఇంకొక ధర. చెర్రీ రొయ్యలలోను వన్నె తప్పినవి పుట్టుచునే యుండును. వేరువేరు రంగులను కలిపి పెంచినచో కొన్ని తరములకు తాతల నాటి గోధుమవన్నె తిరిగి వచ్చును. ఆ వన్నె తప్పిన వానిని ఏమి చేయవలెను? దయగలవాడు వేరు తొట్టిలో ఉంచును. కాని దుకాణములో ప్రతి తొట్టికి అద్దె, విద్యుత్తు, మనిషి కూలి. అమ్ముడుపోని ప్రాణికి చోటెవరిచ్చెదరు? అనేకులు చేపలకు మేతగా వేయుదురు. ప్రకృతిలో దానిని కాపాడిన రంగే ఇక్కడ దానికి మరణశాసనమగుచున్నది.

ఇంకొకటి. పాచిని తినుటకై తొట్టెలలో వేయు అమానో రొయ్య పిల్లలు ఉప్పు కలిసిన నీటిలోగాని పెరుగజాలవు. మంచినీటి తొట్టిలో తల్లి ఎన్ని పిల్లలను విడిచినను అన్నియు నశించును. కనుక అమ్మకమునకు వచ్చువానిలో అధికభాగము వాగులనుండి పట్టి తెచ్చినవే.

బియ్యపు వర్తకములో పురుగులు చచ్చుట లేదా అని మా అబ్బాయి అడిగినాడు. చచ్చుచున్నవి. కాని అక్కడ మన సరుకు బియ్యము, పురుగు కాదు. పురుగు పట్టకుండ చూచుకొన్నకొలది మన లాభమును పెరుగును, హింసయు తగ్గును. ఇక్కడ సరుకు ప్రాణియే. పప్పు బస్తాలో తరుగని వ్రాసినప్పుడు తేమ ఆరినదని అర్థము. రొయ్యల ఖాతాలో తరుగని వ్రాసినప్పుడు ఇన్ని ప్రాణములు పోయినవని అర్థము. ప్లాస్టిక్ సంచులలో నీరు పోసి, ఎండలో దూరప్రాంతములకు పంపునప్పుడు నూటికి ఇన్ని పోవునని ముందే అంచనా వేసి ధర కట్టవలెను. మరణమును ముందుగా ధరలో కలుపుకొనిన పిదప, మనము చంపుట లేదను మాట నిలువదు. పూర్వులు శ్రావకునికి కూడదన్న పదునైదు వృత్తులలో జీవులను లాభమునకై పోషించుటను, చెరువులను ఎండగట్టుటను చేర్చుటలో ఈ వివేకమే కలదు.

అయినచో ఇప్పుడు తొట్టిలో ఉన్నవానిని ఏ చెరువులోనో విడిచి జీవవిమోచన పుణ్యము పొందుదమని తలంచువారు మనలో ఉందురు. అది మంచి తలంపే కాని మంచి పని కాదు. జర్మనీలో విద్యుత్కేంద్రపు వేడినీరు చేరు గిల్‌బాక్ అను వాగులో ఈ చెర్రీ రొయ్యలు తొట్టెలనుండి చేరి నిలిచిపోయినవి. ఇండొనేషియాలోని మతానో సరస్సులో ఎవరో విడిచిన ఫ్లవర్‌హార్న్ చేపలు, అక్కడ తప్ప మరెక్కడను లేని రొయ్యలకు ముప్పైనవి. మన పెద్దలు నీరు వడగట్టి, గుడ్డలో నిలిచిన సూక్ష్మజీవులను ఏ బావి నీటివో ఆ బావిలోనే తిరిగి విడిచెడివారు. వేరు నీటిలో విడుచుట ఆ జీవులకును, ఆ నీటిలోని జీవులకును కీడని ఎరిగిన ఆచారమది. చైనా వాగు ప్రాణికి మన చెరువు స్వస్థలము కాదు.

కావున నా అభిప్రాయమిది. ఈ రొయ్యల వర్తకము మనకు తగదు; మా అబ్బాయితో ఆ భాగస్వామ్యమునకు నేను సమ్మతింపలేదు. ఆ పెట్టుబడితోనే వేరొక వ్యాపారము చూపుటకు సిద్ధముగా ఉన్నాను. ఇంటిలో ఇదివరకే తొట్టి ఉన్నవారు దానిని ధర్మసంస్థ ఆస్తివలె చూచుకొందురు గాక. కొత్తవి కొనవలదు, ఉన్నవానిని బయట విడువవలదు, వన్నె తప్పినదానిని వేరుచేయవలదు, మేత మితముగా పెట్టవలెను. సంతానము మితిమీరినచో ఆడవానిని మగవానిని వేరువేరు తొట్టెలలో ఉంచవచ్చును. ఆడది పెద్దది, పొట్ట వంపు గలది, గుర్తించుట కష్టము కాదు. ఊరికి పోవునప్పుడు ఇంటి తాళముతోపాటు తొట్టి బాధ్యతయు ఒకరికి అప్పగించి పోవలెను. కొత్తగా కొనవలెనని ముచ్చటపడు బాలబాలికలకు మాత్రము మన ఊరి చెరువుగట్టున కూర్చుండి, నీటిలో తిరుగు ప్రాణులను అక్కడనే చూచుట నేర్పుదము.