చిన్నదానియందు సత్యము

వినోదమునకై చేసికొను వస్తువునందు పనివాడు కొంత యేమరియుండిన దోషమగునా? అది విక్రయింపబడునది కాదు. కొనినవాడు వచ్చి నిలదీయడు. ఇట్టి పనిలో తనకు తాను తప్ప వేరెవరికి జవాబు చెప్పవలయును? నమూనా ఆవిరియంత్రమునకు అమర్చు చిన్న ఇత్తడి భాగములు ఈ ప్రశ్నకు చక్కని సమాధానము నొసగుచున్నవి.

ఇంగ్లండునందు ఈ అభిరుచి పాతది. పెర్సివల్ మార్షల్ 1898లో లండనునుండి ఇట్టి పనివారికై ఒక పత్రికనే ప్రారంభించెను. దినమంతయు ఉద్యోగము చేసి, రాత్రివేళ ఇంటియందలి లేతుయంత్రము ముందు నిలిచి, రైలింజను నమూనాలను నిర్మించువారు అక్కడ నేటికిని కలరు. పట్టాలమధ్య ఐదంగుళముల ఎడము మాత్రమే గల ఇంజను సైతము నిజముగా బొగ్గు మండించి, తన వెనుక మనుష్యులను లాగగలదు.

ఈ ఇంజనుల కవాటములు, కుళాయిలు, నీటిమట్టము జూపు గాజుగొట్టపు బిగింపులు మొదలగువానిని ఇత్తడితో చేయుదురు. కొలదిగా సీసము కలిసిన ఇత్తడి లేతుపై సులువుగా తెగి, పొడిపొడిగా రాలును. ఉక్కును కోయుటకు వాలుగా సానపట్టిన ఉలి దీనిలోనికి చొచ్చుకొని పోవును గనుక, ఉలి పైముఖమును సమతలముగా నుంచవలయును. ఇంతమాత్రము తెలిసినచో ఇత్తడి చెప్పినట్లు వినును, బంగారమువలె మెరయును.

ఆ సులువులోనే పరీక్ష కలదు. బాయిలరునందలి వేడినీటిలో మునిగియుండు ఇత్తడినుండి క్రమముగా జింకు కరగిపోయి, బలములేని గుల్లరాగి మిగులును. అందుచేత బాయిలరు గోడలో అతుకు భాగములకు ఎరిగినవారు కంచును గాని గన్‌మెటలును గాని వాడుదురు. పైన తొడుగువేసి రంగు పూసిన పిమ్మట లోపలిది ఏ లోహమో చూచువాడు గుర్తింపజాలడు.

"ఇంత చిన్నదానివలన ఏమి కీడు?" అని యడుగవచ్చును. పరిమాణము తగ్గును గాని ఆవిరి యొత్తిడి తగ్గదు. చదరపు అంగుళమునకు 80 పౌనుల ఒత్తిడితో నడచు బాయిలరు బొమ్మదైనను మిల్లుదైనను, ప్రతి అంగుళము మోయు భార మొక్కటియే. కనుకనే అక్కడి సంఘములవారు కొత్త బాయిలరును నీటితో నింపి, పనిచేయు ఒత్తిడికి రెట్టింపుతో, అనగా 160 పౌనులతో, పరీక్షింతురు. నీరు కుదించుకొనదు గనుక లోపమున్నచో కారునే గాని ప్రేలదు.

అయినను కొత్త ఇత్తడి ఆనాటి పరీక్షకు నిలుచును. దాని బలహీనత ఏండ్లు గడచిన పిమ్మట బయటపడును. అప్పటికి ఆ యింజను వెనుక సెలవుదినమున ఇరుగుపొరుగు పిల్లలు కూర్చుండియుందురు. ఆట నిర్మించినవానిది, అపాయము వారిది. లోపలి లోహమేదో ఎరిగినవాడు మాత్ర మొక్కడే.

కావున వస్తువు చిన్నతనమును బట్టి గాని, వెలను బట్టి గాని, పరీక్షకుని కంటిని బట్టి గాని ధర్మము నిర్ణయింపబడదు. ఆ వస్తువు మోయబోవు భారమే దానిని నిర్ణయించును. తనకొరకే చేసికొనునది సైతము ఒకనాడు ఇతరుల చేతికి చేరును. కంచు లభించువరకు పని నిలిపి వేచియుండినవాడు ఎవరి మెప్పునకును నోచుకొనకపోవచ్చును. అతని బాయిలరు మాత్రము మాట దప్పదు.