ఇచ్చిన బొమ్మ యెవరిది?

శూద్రకుని మృచ్ఛకటికమునకు ఆ పేరు వచ్చినది ఒక పసివాని యేడుపు వలన. పొరుగింటి బాలుని బంగారుబండితో ఆడి మరిగిన చారుదత్తుని కొడుకు రోహసేనుడు, రదనిక చేసి యిచ్చిన మట్టిబండి తనకు వలదని మారాము చేయును. వసంతసేన తన నగలు తీసి యా బండిలో నింపి, బంగారుబండి చేయించుకొమ్మనును. ఆ నగలే పిదప న్యాయసభలో చారుదత్తుని మీద సాక్ష్యమై యాతనిని వధ్యస్థానము వరకు నడిపించుట నాటకము చదివినవా రెరుగుదురు. బాలునికి మాత్రము ఆ చిక్కులతో పని లేదు. వానికి కావలసినది తాను కోరిన బండి. పెద్దలు నీకిది చాలునని నిర్ణయించిన బండి కాదు.

తాము చిన్ననాడు ఆడుకొనిన కొయ్యరైలును అటక మీదినుండి దింపి, గుడ్డతో తుడిచి, బిడ్డల చేతి కిచ్చు తండ్రులు నేటికిని గలరు. ద్రాక్షారామమున బడిపంతులుగా నున్న మేమును వారిలో నొకరము. మా రైలు శివరాత్రి తీర్థములో కొనినది, ఏటికొప్పాక పని. వరాహనది యొడ్డున నున్న యా గ్రామమున అంకుడుకఱ్ఱను తరిమెన మీద తిప్పుచు, రంగు కలిపిన లక్కను దానికి అదిమి పట్టుదురు. ఒరపిడి వేడికి లక్క కరిగి కఱ్ఱ కంటుకొనును. మొగలియాకుతో మెరుగు పెట్టుదురు. తరిమెన మీద పుట్టినది గుండ్రముగ నుండును గనుక ఆ రైలులో పొగగొట్టము, చక్రములు, కడకు డ్రైవరు తలకాయయు గుండ్రనివే. నడుమ రసాయనపు రంగులు ప్రవేశించినను, సి. వి. రాజుగారు మొదలగువారి కృషి వలన చెట్ల గింజలు, వేళ్లు, ఆకులనుండి తీసిన రంగులు మరల వాడుకకు వచ్చినవి. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపును, రాజుగారికి 2023లో పద్మశ్రీయు లభించినవి. ఏ రంగు పూసినదో తెలియని పాతబొమ్మను, అన్నియు నోట పెట్టుకొను పసివాని కీయరాదు. పాతరంగులలో సీసము ఉండవచ్చును. ఈ మాట ప్రస్తుతమునకు పక్కదైనను చెప్పక విడువరానిది.

ఇక ప్రశ్న యేమనగా, ఆ తండ్రి నిజముగ బొమ్మ నిచ్చినాడా? ధర్మశాస్త్రజ్ఞులు దానమునకు రెండంగములు చెప్పిరి: ఇచ్చువాడు తన స్వత్వమును విడుచుట, పుచ్చుకొనువానికి స్వత్వము కలిగించుట. మొదటిది లేనిచో రెండవది లేదు. సొమ్ము తనదిగానే యుంచుకొని యొకరి వద్ద దాచిన నది దానము కాదు, నిక్షేపము. “జాగ్రత్తరా, విరుగగొట్టేవు! అది నా చిన్ననాటిది” అను మాట తండ్రి నోట వెడలినంతనే, దానమనుకొనినది నిక్షేప మగుచున్నది, ఆటగాడు కావలసిన బిడ్డ కాపలాదారు డగుచున్నాడు. కఠోపనిషత్తులో వాజశ్రవసుడు పాలుడిగిన గోవుల నిచ్చి దాతననిపించుకొన జూచెను. అది తనకు పనికిరాని దాని నిచ్చుట. ఇచ్చటి లోపము వేరు. వస్తువు మిక్కిలి ప్రియమైనది కనుకనే చేయి దానిని వదలలేకున్నది.

ఆ ప్రీతి బొమ్మ మీదిదా? కాదనియే మా తలంపు. యయాతి కొడుకుల యౌవనము నడిగెను. పూరు డొక్కడు సమ్మతించి యిచ్చెను, తక్కినవారు నిరాకరించిరి. శపించినను, ఆతడు ముందుగ అడిగెను గదా! నేటి తండ్రి అడుగడు. బిడ్డ తన ముందు కూర్చుండి, తాను కూతలు పెట్టినట్లే కూతలు పెట్టుచు రైలు నడుపుచుండగా జూచి తన బాల్యమును మరల ననుభవింపగోరును; బిడ్డ దానిని బోర్లించి చక్రములు మాత్రము తిప్పుకొనుచుండిన చిన్నబుచ్చుకొనును.

మా యూరి సంగతియే తీసికొనుడు. కాకినాడనుండి కోటిపల్లికి ద్రాక్షారామము మీదుగ సుమారు 45 కిలోమీటర్ల రైలుమార్గము పూర్వ ముండెడిది. రెండవ ప్రపంచయుద్ధ కాలమున దాని పట్టాలను పెకలించి తీసికొనిపోయిరి. లోక్‌సభాధ్యక్షుడుగా నుండిన బాలయోగిగారి పూనికతో మొదలై, ఆయన గతించిన రెండేండ్లకు, 2004లో మరల ఆ దారిని రైలు వచ్చినది. మా బాల్యము ఆ నడిమి కాలమునకు చెందినది. రైలు చూడవలెనన్న కాకినాడకో సామర్లకోటకో పోవలసి యుండెను; ఊరిలో రైలు తిరిగినదని వృద్ధులు చెప్పగా వినుటయే. కావున మాకు కొయ్యరైలు, ఊరు పోగొట్టుకొనిన దానికి ప్రతిమ. మా బిడ్డలు పుట్టునాటికి ఊరిలో పట్టా లున్నవి, స్టేషనున్నది. వారికి కొయ్యరైలు రైలును పోలియుండని యొక కఱ్ఱవస్తువు. మా విస్మయమును వారి కెట్లు పంచి యీయగలము? కఱ్ఱ చేతులు మారును గాని, అది లేని లోటు చేతులు మారదు.

బిడ్డలకు వస్తువుల యెడ శ్రద్ధ నేర్పవలదా యని కొందరడుగుదురు. ఆంగ్ల తత్త్వవేత్త జాన్ లాక్ 1693లో ప్రకటించిన విద్యాగ్రంథమున, బొమ్మలు పెక్కుండవచ్చును గాని పెద్దల అధీనమున నుంచి యొక్కొక్కటి మాత్రమే యిచ్చుచు, మరియొకటి కావలసిన మొదటిదానిని తిరిగి యప్పగింపజేయవలెనని చెప్పెను. పారవేయు నలవాటు పెరిగిన యీ కాలమున అందు కొంత న్యాయము గలదు. తరిమెన ముందు కూర్చున్నవాని శ్రమను బిడ్డ యెరుగవలెను. కాని పనివాని శ్రమను గౌరవింపుమనుట వేరు, నా జ్ఞాపకమునకు కావలి యుండుమనుట వేరు. మొదటిది కొత్తబొమ్మకును పాతబొమ్మకును సమానముగ చెల్లును. రెండవది తండ్రి పెత్తనము మాత్రమే. నేడు బొమ్మ విషయమున నది చెల్లిన, రేపు చదువు విషయమునను, ఎల్లుండి వివాహ విషయమునను చెల్లవలసినదే యగును. తమ తీరని కోరికలను కొడుకుల చదువుగా మార్చిన తండ్రులను మేము ప్రతి సంవత్సరము బడిలో చూచుచునే యున్నాము. వారిలో దుష్టులు లేరు; అందరును ప్రేమించువారే.

మా రైలుపెట్టెలలో నొకదాని చక్రము కిందటి వర్షకాలమున ఊడి యెచ్చటనో పోయినది. వడ్రంగిచేత మరియొకటి చేయింతునా యని పిల్లల నడిగితిమి. “ఎందుకు నాన్నగారూ? తక్కినవి కూడ మేమే పీకివేసినాము. అదిప్పుడు పడవ” అనిరి. అంకుడుకఱ్ఱ తేలిక, పంటకాలువలో చక్కగా తేలుచున్నది.