నమ్మినవాడు, నమ్మదగినవాడు

ప్రియ చదువరీ, ఆదివారమున మనమందరము నిలువబడి "నేను నమ్ముచున్నాను" అని పలుకుదుము. ఆ మాట పలుకునప్పుడు నీ చేతిలోనుండి దేనిని విడిచిపెట్టితివి?

వేదాంత పాఠశాలలో నేను కొంత లాటిన్ భాష నేర్చుకొంటిని. అందులో క్రేదెరె అను క్రియాపదమునకు నమ్ముట అని అర్థము. అయితే రోమీయులు తమ సొమ్మును ఒకని చేతికి అప్పగించుటకును, అప్పిచ్చుటకును ఈ మాటనే వాడిరి. అప్పిచ్చినవాడు వారికి క్రెదితోర్, అనగా నమ్మి యిచ్చినవాడు. లాటిన్ విశ్వాసప్రమాణములో మొదటి మాటయైన క్రేదో ఈ క్రియయే. ఫ్రెంచివారి క్ర్వార్, స్పెయినువారి క్రెయేర్ దీని సంతానము. బ్యాంకులో వినబడు క్రెడిట్ అను మాటయు ఆ యింటిదే. మనము వాడు శ్రద్ధ అను సంస్కృతపదము దానికి దూరపు చుట్టమని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఒక తల్లి బిడ్డలలో ఒకడు దేవాలయమునకును, ఒకడు అంగడికిని పోయినట్లున్నది గదా!

యోహాను సువార్త 2వ అధ్యాయము చివర చూడుము. పండుగలో అనేకులు యేసు నామమందు విశ్వాసముంచిరి. ఆయన మాత్రము తన్ను వారికి అప్పగించుకొనలేదు. 4వ శతాబ్దమున జెరోము సవరించిన లాటిన్ సువార్తలో ఈ రెండు చోట్లను క్రేదెరె అను మాటయే యున్నది. వారు ఆయనను నమ్మిరి, ఆయన వారిని నమ్మలేదు! దేవుని నమ్ముచున్నానా అని అడుగుకొనుట సులభము. నేను నమ్మదగినవాడనా అని అడుగుకొనుటయే కష్టము.

పాతికేండ్ల క్రిందట కూలికి వలసపోవుచున్న ఒక తల్లి నాయొద్ద 1,200 రూపాయలు దాచుకొనెను. చీటీ అడుగలేదు. "అయ్యగారూ, మీ దగ్గరుంటే దేవుని దగ్గరున్నట్టే" అనెను. తిరిగి పెట్టవచ్చునులే అనుకొని, ఇంటి అవసరమునకు నేనా సొమ్ము వాడితిని. బిడ్డకు జ్వరము వచ్చి, ఆమె అనుకొన్నదానికంటె ముందే తిరిగి వచ్చెను. నా పెట్టె ఖాళీగా నుండెను. పొరుగున అప్పు చేసి సాయంకాలమునకు ఇచ్చితిని. ఆమె లెక్కపెట్టుకొనకయే కొంగున ముడివేసికొనెను. లెక్కపెట్టినయెడల నాకు కొంత తేలికగా నుండెడిది.

లాటిన్ రాని ఆమె ఆ మాటకు పూర్తి అర్థమెరుగును. చదివిన నేను సగమే ఎరుగుదును.

చదువరీ, ఎవరి సొమ్ము, ఎవరి రహస్యము, ఎవరి బిడ్డ నీకు అప్పగింపబడి యున్నదో తలంచుకొనుము. వచ్చే ఆదివారము "నమ్ముచున్నాను" అని పలుకకముందే పెట్టె తెరచి చూచుకొనుము.