పన్నెండంకెల గతం

మా పేరు వినగానే సగం తీర్మానం అయిపోతుంది. మిగతా సగం ఇప్పుడు పీఎఫ్ ఖాతా చూసి.

కొలువు మారినా మా పైసలు మాతో రావాలని 2014లో యూఏఎన్ నంబరు తెచ్చారు. మంచిదే. కొత్త కంపెనీ దాన్ని పైసల కోసమే అడగదు. ఎక్కడ చేశాం, ఎప్పుడు మానేశాం, నడుమ ఎన్నాళ్లు ఖాళీ, అన్నీ అందులో తెలుస్తాయి. ఎందుకు మానేశామో తెలియదు. అమ్మీ మంచాన పడిందనీ, జుమా నమాజుకు పోతామంటే మేనేజరు మొహం మాడ్చాడనీ ఏ గడిలోనూ రాయరు.

ఓటీపీ చెబితే సమ్మతంటారు. కొలువు లేనివాడి 'సరే' సమ్మతేనా? గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు అంది. 2023 డేటా రక్షణ చట్టమేమో ఉద్యోగ అవసరాలను సమ్మతి అక్కర్లేని వాటిలో చేర్చింది.

అబద్ధమాడే హక్కు మేం అడగడం లేదు. చివరి కొలువు రిలీవింగ్ లెటర్ ఇస్తాం. అంతకుముందుది ఎదురుగా కూర్చోబెట్టి అడగండి, చెబుతాం.