శీతకాలమునకు తగిన రేవు

వాక్యభాగము: అపొస్తలుల కార్యములు 27:7–13

దూరప్రయాణము సగములో నిలిచిపోయి, ఓడను కొన్ని నెలలపాటు పరదేశపు తీరమున ఉంచవలసి వచ్చినప్పుడు ఏ రేవును ఏర్పరచుకొనవలెను? క్రేతు ద్వీపపు దక్షిణ తీరమున, మంచిరేవులు అను స్థలమందు లంగరు వేసియున్న అలెక్సంద్రియ ఓడలో ఈ ప్రశ్న పుట్టెను. అది ఐగుప్తు గోధుమలను ఇటలీకి మోసుకొనిపోవు ఓడ. అందులో 276 మంది యుండిరి. ఎదురుగాలివలన పయనము ఆలస్యమై, యూదుల ఉపవాసదినము, అనగా పాపపరిహారార్థ దినము, అప్పటికే గతించినది. అది సెప్టెంబరు అక్టోబరు నెలలలో వచ్చు దినము. రోమీయ గ్రంథకర్తయగు వెజీషియసు సెప్టెంబరు మధ్యనుండి సముద్రయానము అపాయకరమనియు, నవంబరు 11 మొదలుకొని మార్చి 10 వరకు సముద్రము మూయబడినట్లే యనియు వ్రాసియున్నాడు. కాబట్టి ఆ యేడు రోమా చేరుట కల్ల. ఆ సంగతిలో పౌలుకు గాని నావికునికి గాని భేదాభిప్రాయము లేదు. శీతకాలము ఎక్కడ గడపవలెనన్నదే తగవు.

మంచిరేవులను పేరు విని ఆ స్థలము సుఖప్రదమని తలంపరాదు. పేరు పెట్టినవారు బహుశా వేసవిలో వచ్చిరి కాబోలు! అది పలుదిక్కుల గాలికి తెరవబడిన రేవు. చేరువనున్న ఊరు లసైయ ఒక్కటియే. దాదాపు మూడువందల మందికి నెలల తరబడి అక్కడ తిండి, బస దొరకుట కష్టము. పడమటగా సుమారు 40 మైళ్ల దూరమున ఫీనిక్సు రేవు కలదు. అది నిజముగా మేలైనది. గాలి అనుకూలించినయెడల ఒక్క పగటి ప్రయాణము. నావికుడును ఓడ యజమానుడును అచ్చటికి పోవలెననిరి. ఓడలోని అధికసంఖ్యాకులు వారి పక్షము వహించిరి. శతాధిపతియైన యూలి, ఖైదీయైన పౌలు మాటకంటె వృత్తి నెరిగినవారి మాటయే నమ్మెను. లోకన్యాయమును బట్టి చూచిన అతని తీర్పులో తప్పు పట్టువాడెవడు?

పౌలు సముద్రమెరుగని బోధకుడు కాడు. ఈ పయనమునకు పూర్వమే మూడుమారులు ఓడ పగిలి శ్రమపడినవాడు, ఒక రాత్రింబగళ్లు సముద్రములో గడిపినవాడు (2 కొరింథీ 11:25). దేవదూత తనతో చెప్పెనని అతడు మంచిరేవులలో అనలేదు. దూత దర్శనము తరువాత, తుపాను నడుమ, కలిగినది. ఇక్కడ అతడు తన అనుభవమును, బుద్ధిని మాత్రమే వినియోగించి, ఓడకును సరకులకును ప్రాణములకును నష్టము రానున్నదని హెచ్చరించెను. ఫీనిక్సు చెడ్డ రేవని అతడు చెప్పినట్లు లూకా వ్రాయలేదు. ఇతరులు రెండు రేవులను పోల్చుచుండిరి. పౌలైతే ఆ రెంటి నడుమనున్న నీటిని చూచుచుండెను.

స్కాట్లండు దేశస్థుడైన జేమ్సు స్మిత్ స్వయముగా ఓడ నడపిన అనుభవజ్ఞుడు. 1844–45 శీతకాలమును మాల్టాలో గడిపి, పౌలు ప్రయాణమును పరిశోధించి, 1848లో ఒక గ్రంథము ప్రకటించెను. మంచిరేవులు ఫీనిక్సుతో సాటిరాకపోయినను, చిన్న దీవులును బండలును అడ్డుగా నున్నందున శీతకాలమునకు చాలినదేయని అతని నిర్ణయము. అచ్చటినుండి పడమటగా కొద్ది మైళ్లలోనే మతాల అను కొన యున్నది. అది దాటగానే తీరము ఉత్తరమునకు తిరుగును, ఓడకు కొండల చాటు తప్పిపోవును. పౌలు భయపడినది ఆ కొన్ని గంటల పయనమునకే.

దక్షిణపు గాలి మెల్లగా విసరెను. తమ ఆలోచన సమకూరినదని తలంచి వారు లంగరు ఎత్తిరి. చిన్న పడవను పైకి తీసి కట్టుకొనక, వెనుక ఈడ్చుకొనుచునే పోయినట్లు తరువాతి వచనములవలన తెలియుచున్నది. సాయంకాలమునకే చేరుదుమను ధైర్యము! వారు కోరినది దొరకినట్లు కనబడిన ఆ గడియయే ఈ అధ్యాయమంతటిలో మిక్కిలి భయంకరమైనది. కొద్దిసేపటికే ఊరకులోను పెనుగాలి కొండలమీదనుండి కొట్టెను. బంగాళాఖాతపు తీరమున కార్తికమాసపు నిర్మలాకాశము ఎంత త్వరగా మారునో 1977 నవంబరు 19న దివిసీమ తుపానును చూచినవారికి చెప్పనక్కరలేదు.

ఇట్టి సంకటము విశ్వాసుల గృహములలోను తటస్థించుచున్నది. గోదావరి, కడప సీమలనుండి కువైటునకు పనికై పోవు తల్లి రెండేండ్లపాటు తన బిడ్డను ఎక్కడ విడిచి వెళ్లవలెను? అమ్మమ్మ ఇల్లు ఇరుకు, ఊరి బడి చిన్నది. పట్టణపు హాస్టలు విశాలము, చదువు మేలు. బంధువులందరును హాస్టలే యనుచున్నారు. సీటు కూడ దొరకినది. ఆ తల్లి ప్రార్థనాపూర్వకముగా అడుగవలసిన మాట మరియొకటి కలదు. నిన్నమొన్న తండ్రిని పోగొట్టుకొనిన ఆ బిడ్డ ఇప్పుడే ఈ మార్పును ఓర్చుకొనగలడా? అమ్మమ్మ ఒడి ఫీనిక్సు కాకపోవచ్చును. ఈ యొక్క శీతకాలమునకు అది చాలునేమో! వచ్చే యేడు హాస్టలునకు పోవచ్చును. సీటు దొరకుటయే దేవుని చిత్తమునకు గురుతని తొందరపడువారు ఆ దక్షిణపు గాలిని జ్ఞాపకము చేసికొనుట మంచిది.

అయినను, పొరపాటుగా లంగరు ఎత్తినవారిని దేవుడు విడిచిపెట్టినట్లు ఈ అధ్యాయములో లేదు. పదునాలుగు రాత్రులు ఓడ కొట్టుకొనిపోయెను. పౌలు నిలువబడి, తన మాట వినవలసి యుండెనని ఒక్కసారి చెప్పి, వెంటనే ధైర్యము తెచ్చుకొనుడని వారిని బ్రతిమాలెను. ప్రాణహాని కలుగునని అతడు ముందు చెప్పిన మాటను దేవుడు కృపచేత మార్చెను. ఓడ మాత్రమే పోవును, ప్రాణములన్నియు అతనికి అనుగ్రహింపబడెను. తన హెచ్చరిక పూర్తిగా నెరవేరనందుకు సంతోషించిన బోధకుడు పౌలు. రొట్టె పట్టుకొని కృతజ్ఞతాస్తుతులు చెల్లించినప్పుడు, తన మాట త్రోసివేసిన నావికుడును యజమానుడును ఆ బల్లయొద్ద లేకపోలేదు.

తుదకు వారు శీతకాలము గడిపిన మెలితే, నేటి మాల్టా, ఎవరి ఆలోచనలోను లేని తీరము. తడిసి వణకుచు ఒడ్డు చేరినవారికి అక్కడివారు నిప్పు రాజబెట్టిరి. పొప్లి తన ఇంట మూడు దినములు ఆతిథ్యమిచ్చెను. అతని తండ్రి జ్వరమునుండి స్వస్థుడాయెను. ఆ ద్వీపమందే మరియొక అలెక్సంద్రియ ఓడ, అశ్వినీ చిహ్నము గలది, శీతకాలమంతయు కదలక నిలిచియుండెను. దాని యజమానుడు ఆ రేవును ఎట్లు ఎన్నుకొనెనో లూకా చెప్పలేదు. మూడు నెలలైన తరువాత, తన ఓడను పోగొట్టుకొనిన శతాధిపతి తన ఖైదీలను వెంటబెట్టుకొని ఆ ఓడనే ఎక్కెను. పౌలు రోమా సీమకు చేరినది దానిలోనే.